ఫలితమూ ఎర్రర్ మెసేజూ ఒకే దారిలో వస్తున్నాయి: కమాండ్ లైన్ ప్రోగ్రాంలో ఏది ఎటు పంపాలి?

గళ్ళనోటు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వేరేవాళ్ళు రాసిన ఒక పైథాన్ ప్రోగ్రాం ఇప్పుడు నా చేతికి వచ్చింది. దాన్ని ఇక్కడ "జల్లెడ" అందాం. చేసే పని చిన్నదే. సెన్సర్లు పంపిన రీడింగుల సీఎస్‌వీ ఫైళ్ళు చదివి, ఒక్కో లైను సరిగ్గా ఉందో లేదో చూసి, బాగున్న లైన్లను బయటికి రాస్తుంది. వాటిని పైపు ద్వారా ఇంకో ప్రోగ్రాం అందుకుని రోజువారీ సగటులు కడుతుంది. రాత్రిపూట క్రాన్ (చెప్పిన వేళకి ప్రోగ్రాములను తనంతట తానే నడిపేది) నడుపుతుంది కాబట్టి ఆ సమయంలో తెర ముందు ఎవరూ ఉండరు.

ఇబ్బంది ఏమిటంటే ఇందులో ఏది చెప్పాలన్నా ప్రింటే వాడారు. "ఫైల్ తెరుస్తున్నాను" అన్న మాట, "412వ లైన్ బాగాలేదు" అన్న మాట, అసలు డేటా, అన్నీ కలిసే వస్తాయి. మొన్న సగటులు కట్టే ప్రోగ్రాం "హెచ్చరిక" అన్న పదాన్ని ఒక సెన్సర్ పేరు అనుకుని దానికీ ఒక వరుస తయారుచేసి పెట్టింది. ఇంకోటి, ఏదైనా ఫైల్ తెరుచుకోకపోయినా ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు ప్రోగ్రాం ఇచ్చే అంకె, సున్నా అంటే అంతా బాగుందని) సున్నాయే వస్తుంది, ఎందుకంటే మొత్తాన్నీ ఒక పెద్ద ట్రై బ్లాకులో పెట్టి, ఎక్సెప్ట్‌లో మెసేజ్ ప్రింట్ చేసి ఊరుకున్నారు. పైగా ఒక్క తప్పుకి నాలుగైదు మెసేజ్‌లు వస్తాయి. అంకెను చదివే ఫంక్షన్ ఒకసారి చెబుతుంది, లైను చదివేది ఇంకోసారి, ఫైల్ చదివేది మరోసారి. చూసినవాళ్ళకి నాలుగు తప్పులు జరిగాయేమో అనిపిస్తుంది.

స్టాండర్డ్ ఎర్రర్ అనేది ఒకటి ఉందని తెలుసు. కానీ దేన్ని అటు పంపాలి? "ఫైల్ తెరుస్తున్నాను" అనేది ఎర్రర్ కాదు కదా, దాన్నీ అటే పంపాలా? చెడ్డ లైను కనపడితే ఆగిపోవాలా, వదిలేసి ముందుకు పోవాలా? పోతే చివర్లో ఎగ్జిట్ కోడ్ ఎంత ఇవ్వాలి? దీన్ని పద్ధతిగా తిరగరాయాలని ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

నల్లతెర

చాలా మంచి ప్రశ్న అండీ. ఇలాంటి టూల్స్ చాలాకాలంగా చూసుకుంటున్నాను, ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. కొంచెం పొడుగ్గా రాస్తాను.

మొదట దారుల సంగతి. స్టాండర్డ్ ఎర్రర్ అన్న పేరు చూసి ఎర్రర్లకు మాత్రమే అనుకోకండి. ప్రోగ్రాంను ఏ ఫలితం కోసం నడిపారో ఆ ఫలితం ఒక్కటే స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి వెళ్ళాలి. తన పని గురించి ప్రోగ్రాం చెప్పుకునే మాటలన్నీ, అంటే ఎర్రరైనా, హెచ్చరికైనా, "సగం అయింది" అన్న కబురైనా, స్టాండర్డ్ ఎర్రర్‌కే. కాబట్టి మీ "ఫైల్ తెరుస్తున్నాను" కూడా అటే వెళ్తుంది. అనుమానం వస్తే ఒకటే చూడండి: ఈ లైను పైపులో అవతలి ప్రోగ్రాం చేతికి వెళ్తే దానికి పనికొస్తుందా? పనికిరాకపోతే అది ఒకటో నంబరు దారిలో (స్టాండర్డ్ అవుట్‌పుట్) ఉండకూడదు, రెండో దాంట్లో (స్టాండర్డ్ ఎర్రర్) ఉండాలి. అదే హెల్ప్ సంగతి చూడండి. యూజరు కోరి హెల్ప్ అడిగితే అది ఫలితమే, స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి పోవాలి. తప్పు ఆప్షన్ ఇచ్చినందుకు మీరు వాడుక చూపిస్తుంటే అది స్టాండర్డ్ ఎర్రర్‌కి. పైథాన్‌లో ఆప్షన్లు చదివే ఆర్గ్‌పార్స్ మాడ్యూల్ ఇలాగే చేస్తుంది, తప్పు ఆప్షన్‌కి కోడ్ 2 కూడా ఇస్తుంది.

మీకు ఎదురైనది పాత సమస్యే. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్‌కి మొదట ఈ రెండో దారి లేదు. ఫోటోటైప్‌సెట్టర్ మీదికి పంపిన పనిలో ఎర్రర్ మెసేజ్ కూడా అచ్చయి వచ్చేదట. అప్పుడే దీన్ని విడిగా పెట్టారు.

ఇక ఒకే తప్పుకి నాలుగు మెసేజ్‌ల గురించి. నా దృష్టిలో మీ ప్రోగ్రాంలో అసలు జబ్బు ఇదే, మిగతావి సులువుగా పోతాయి. లోపలి ఫంక్షన్ ఎర్రర్‌ను ప్రింట్ చేసి, మళ్ళీ దాన్నే పైకి కూడా పంపకూడదు. రెండింట్లో ఒకటే చెయ్యాలి. అంకెను చదివే ఫంక్షన్‌కి ఏ ఫైలో తెలియదు, ఎన్నో లైనో తెలియదు. దానికి తెలిసింది "ఇది అంకె కాదు" అన్నంతే. అది అంతవరకే చెప్పి ఎక్సెప్షన్ లేపాలి. లైను చదివే ఫంక్షన్ దాన్ని పట్టుకుని లైన్ నంబరు, గడి పేరు జోడించి "రెయిజ్ ఫ్రమ్"తో పైకి పంపాలి. ఫైల్ చదివేది ఫైల్ పేరు కలపాలి. మెయిన్ ఫంక్షన్ ఒక్కటే నోరు విప్పాలి, అదీ ఒకసారే. అప్పుడు నాలుగు ముక్కల సమాచారం ఒక్క లైనులో వస్తుంది:

జల్లెడ: "జనవరి.సీఎస్‌వీ":412: ఉష్ణోగ్రత గడిలో అంకె ఉండాలి, "ఎన్‌ఏ" ఉంది

ప్రోగ్రాం పేరు, ఫైలు, లైను, తర్వాత విషయం. గ్నూ వాళ్ళు తమ ప్రోగ్రాములకు పెట్టుకున్న వరుస దాదాపు ఇదే. ప్రోగ్రాం పేరు ముందు ఎందుకంటే పైపులో నాలుగు ప్రోగ్రాములు ఉన్నప్పుడు అన్నిటి స్టాండర్డ్ ఎర్రర్ ఒకే చోటికి చేరుతుంది, ఎవరు మాట్లాడారో తెలియాలి. ఫైలూ లైనూ మధ్య కోలన్ పెడితే చాలా ఎడిటర్లు ఆ మెసేజ్ నుంచి నేరుగా ఆ లైనుకే తీసుకెళ్తాయి.

కోట్స్ గమనించారా? బయటి నుంచి వచ్చిన దేన్నైనా, ఫైల్ పేరు కానీ గడిలోని విలువ కానీ, కోట్స్‌లో పెట్టి చూపించండి. పేరు చివర ఒక స్పేస్ ఉండిపోయి ఫైల్ దొరకనప్పుడు, కోట్స్ లేకుండా ఆ మెసేజ్‌ని ఎంతసేపు చూసినా తప్పు కనపడదు. కోట్స్ పెట్టడానికి పైథాన్‌లో రెప్ర్ ఫంక్షన్ వాడితే ఇంకో మేలు కూడా ఉంది. డేటాలో టెర్మినల్ ఎస్కేప్ కోడ్‌లు ఉంటే అవి అలాగే తెర మీదికి వెళ్ళి రంగులు మార్చడం, లైన్లు చెరిపేయడం లాంటివి చేయకుండా అక్షరాలుగా కనపడతాయి.

"అలాంటి ఫైల్ లేదా డైరెక్టరీ లేదు" అని మాత్రం చెప్పి ఏ ఫైలో చెప్పని ప్రోగ్రాములు ఇప్పటికీ కనపడతాయి. చదివేవాళ్ళకి దానితో ఏ పనీ జరగదు. ఏం చేయబోతే, దేని మీద, ఎందుకు కుదరలేదు, ఈ మూడూ ఉండి తీరాలి. రాత్రి వచ్చిన మెసేజ్‌ని పొద్దున ఎవరో చదువుతారు. వాళ్ళ దగ్గర కోడ్ ఉండకపోవచ్చు, ఆ ఫైల్ కూడా అప్పటికి డిలీట్ అయిపోయి ఉండొచ్చు. ఆ ఒక్క లైనే వాళ్ళకి ఆధారం.

ఆ పెద్ద ట్రై బ్లాక్ తీసేయండి. ఊహించగల తప్పులకి (ఫైల్ లేకపోవడం, పర్మిషన్ లేకపోవడం, డేటా చెడిపోవడం) ఒక లైను మెసేజ్ చాలు, ట్రేస్‌బ్యాక్ (తప్పు ఏ ఫంక్షన్ల గుండా వచ్చిందో చూపే జాబితా) అక్కర్లేదు. ఊహించని ఎక్సెప్షన్ వస్తే మాత్రం ట్రేస్‌బ్యాక్ మొత్తం రానివ్వండి, దాన్ని అందంగా మూసిపెట్టకండి. అది ప్రోగ్రాంలోని లోపం. సరిచేసేవాళ్ళకి ప్రతి లైనూ కావాలి. పట్టుకోని ఎక్సెప్షన్‌కి పైథాన్ ఎలాగూ కోడ్ 1 ఇస్తుంది.

పైపులైను

నల్లతెర గారు చెప్పినదంతా సరే. ఎగ్జిట్ కోడ్ సంగతి నేను చెబుతాను, అక్కడ చాలామంది పొరబడతారు.

ముందు ఒక హెచ్చరిక. "ఎన్ని లైన్లు చెడ్డవో ఆ సంఖ్యనే ఎగ్జిట్ కోడ్‌గా ఇస్తే బాగుంటుంది కదా" అని అనిపిస్తుంది. వద్దు. షెల్‌కి చేరేది ఎనిమిది బిట్లే, 0 నుంచి 255 వరకు. సరిగ్గా 256 లైన్లు చెడిపోతే అది సున్నాగా మారి "అంతా బాగుంది" అయిపోతుంది. 126 నుంచి పైన ఉన్నవి కూడా మీరు ముట్టుకోకండి. 127 అంటే కమాండ్ దొరకలేదని, 126 అంటే దొరికినా నడపలేమని షెల్ చెబుతుంది. సిగ్నల్ వల్ల చస్తే 128కి సిగ్నల్ నంబరు కలుపుతుంది, అందుకే కంట్రోల్ సీ కొడితే 130, కిల్ మైనస్ 9 చేస్తే 137 కనపడతాయి.

మీ "చెడ్డ లైను వదిలేసి ముందుకు పోతే ఎంత?" అన్న ప్రశ్నకి పాత టూల్స్‌లోనే జవాబు ఉంది. ఫైళ్ళలో పదాలు వెతికే గ్రెప్ చూడండి: దొరికితే 0, దొరకకపోతే 1, నిజంగా ఎర్రర్ అయితే 2. ఫైళ్ళను పోల్చే డిఫ్ కూడా అంతే, తేడా లేకపోతే 0, ఉంటే 1, గొడవ అయితే 2. ఫైళ్ళను కాపీ చేసే ఆర్‌సింక్ కొన్ని ఫైళ్ళు మాత్రమే చేరితే 23 ఇస్తుంది, మధ్యలో మూలం దగ్గర ఫైళ్ళు మాయమైతే 24. అంటే "సగం అయింది" అన్నది "అయింది", "కాలేదు" రెండింటికీ వేరు. మీరు కూడా అలాగే పెట్టండి. అంతా బాగుంటే 0, ఫైళ్ళన్నీ చదివినా కొన్ని లైన్లు వదిలేస్తే ఒక కోడ్, ఏదైనా ఫైలే తెరుచుకోకపోతే ఇంకోటి. లైన్లు వదిలేసినందుకు 1 మాత్రం వాడొద్దు, ఎందుకంటే పైథాన్ క్రాష్ అయినా 1 వస్తుంది. 2 ఆర్గ్‌పార్స్‌ది. బీఎస్‌డీ సిస్ఎగ్జిట్స్ ఫైల్లో 64 నుంచి 78 వరకు పేర్లతో కోడ్‌లు ఉన్నాయి, 65 డేటా బాగాలేదని, 66 ఇన్‌పుట్ ఫైల్ దొరకలేదని. మీ రెండు అవసరాలకీ అవి అచ్చంగా సరిపోతాయి. ఏవి వాడినా హెల్ప్‌లో రాసిపెట్టండి. ఒకసారి బయటికి ఇచ్చాక మార్చకండి, ఎవరో ఒకరి స్క్రిప్ట్ ఆ నంబర్ల మీద ఆధారపడి ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. మీరు ఎంత మంచి కోడ్ ఇచ్చినా, మామూలుగా పైపులో చివరి ప్రోగ్రాం కోడే షెల్‌కి కనపడుతుంది. జల్లెడ 66 ఇచ్చినా సగటుల ప్రోగ్రాం సున్నా ఇస్తే క్రాన్ స్క్రిప్ట్‌కి సున్నాయే. స్క్రిప్ట్ పైన పైప్‌ఫెయిల్ పెట్టండి, అప్పుడు పైపులో ఏ ప్రోగ్రాం విఫలమైనా షెల్‌కి తెలుస్తుంది. బాష్‌లో ఎప్పటి నుంచో ఉంది, 2024 పోసిక్స్ ప్రమాణంలో కూడా చేరింది.

గళ్ళనోటు

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. 256 లైన్ల సంగతి అసలు ఊహకే రాలేదు.

మెసేజ్‌లన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కి మార్చాను. ఇప్పుడు కొత్త టెన్షన్. తెర మీద నడిపితే డేటా లైన్లూ, హెచ్చరికలూ సరైన వరుసలో వస్తున్నాయి. రెండింటినీ కలిపి ఒకే ఫైల్లోకి పంపితే మాత్రం హెచ్చరికలన్నీ ముందే వచ్చేసి, డేటా ఆ తర్వాత వస్తోంది. వరుస ఎందుకు తారుమారు అవుతోంది? ఇంకో చిన్న ప్రశ్న, చెడ్డ ఫైల్ వస్తే వేల కొద్దీ హెచ్చరికలు వస్తాయి. అన్నీ చూపించాలా?

ఖాళీబఫర్

అది బఫరింగ్ వల్ల. స్టాండర్డ్ అవుట్‌పుట్ టెర్మినల్‌కి వెళ్తుంటే ప్రతి లైను చివర బయటికి వస్తుంది. ఫైలుకో పైపుకో వెళ్తుంటే మాత్రం కొన్ని వేల బైట్లు పోగయ్యాకే ఒకేసారి వస్తుంది. స్టాండర్డ్ ఎర్రర్ అలా ఆగదు. పైథాన్‌లో 3.9 నుంచి అది ఎటు వెళ్ళినా లైను లైనుకీ బయటికి వస్తుంది. అందుకే హెచ్చరికలు ముందు చేరుతున్నాయి, మీ ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. ఎర్రర్ రాసే ముందు స్టాండర్డ్ అవుట్‌పుట్‌ని ఫ్లష్ చేస్తే (పోగైనదాన్ని వెంటనే బయటికి పంపేస్తే) వరుస నిలుస్తుంది. గ్నూ సీ లైబ్రరీలో ఎర్రర్ అనే ఫంక్షన్ సరిగ్గా ఇదే చేస్తుంది, ముందు ఫ్లష్, తర్వాత మెసేజ్. కానీ లక్షల లైన్ల డేటా ఉన్నచోట ప్రతి హెచ్చరికకీ ఫ్లష్ చేస్తే నెమ్మదిస్తుంది. మెసేజ్‌లో లైన్ నంబరు ఉన్నప్పుడు వరుస మీద ఆధారపడాల్సిన పనే లేదు, రెండు ఫైళ్ళలోకి విడిగా పంపేయండి:

జల్లెడ *.సీఎస్‌వీ > ఫలితం.సీఎస్‌వీ 2> జల్లెడ.లాగ్

కలపాల్సి వస్తే "> ఫైల్ 2>&1" అన్న వరుసలోనే రాయాలి. "2>&1 > ఫైల్" అని తిప్పి రాస్తే, షెల్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది కాబట్టి, ఎర్రర్లు పాత చోటికే, అంటే తెర మీదికే పోతాయి.

నల్లతెర

వేల హెచ్చరికల గురించి: ఒక్కో ఫైల్‌కి మొదటి ఇరవై చూపించి, చివర ఒక లెక్క చెప్పండి. "జనవరి.సీఎస్‌వీ: 31,000 లైన్లలో 8,204 వదిలేశాం, మొదటి 20 మాత్రమే చూపించాం" అన్నట్టు. అన్నీ కావాల్సినవాళ్ళకి వెర్బోస్ ఆప్షన్ ఇవ్వండి. చూపించకుండా ఆపినప్పుడు ఆపామని చెప్పడం మాత్రం మర్చిపోకూడదు. లేకపోతే ఇరవై లైన్లే చెడ్డవని చదివేవాళ్ళు నమ్ముతారు. ఒక ఫైల్లో సగానికి పైగా చెడ్డవైతే అక్కడ ఆగిపోవడమే సరైన పని అని నా అభిప్రాయం. అంత చెడిపోయిందంటే బహుశా గడుల వరుసే మారి ఉంటుంది. మిగిలిన "బాగున్న" లైన్లు కూడా నమ్మదగ్గవి కావు.

మామూలుగా నడిచినప్పుడు ఏమీ మాట్లాడకపోవడమే మంచిది. ముఖ్యంగా క్రాన్ కింద. క్రాన్ నడిపిన ప్రోగ్రాం నుంచి ఏ మాట వచ్చినా దాన్ని మెయిల్ చేస్తుంది. రోజూ "ఫైల్ తెరుస్తున్నాను" మెయిల్ వస్తే, అసలు ఎర్రర్ వచ్చిన రోజు కూడా ఎవరూ తెరవరు. పైథాన్ లాగింగ్ మాడ్యూల్ వాడితే ఈ పని దాదాపు మీకోసం చేసే ఉంటుంది. మొదటి నుంచీ వార్నింగ్ స్థాయి దగ్గరే ఉంటుంది, దానికంటే చిన్న మాటలు బయటికి రావు, వచ్చేవి స్టాండర్డ్ ఎర్రర్‌కే వెళ్తాయి.

స్థాయిల గురించి పెద్దగా తల బద్దలుకొట్టుకోవద్దు. యూనిక్స్ లాగింగ్ పద్ధతి అయిన సిస్‌లాగ్‌లో ఎమర్జెన్సీ నుంచి డీబగ్ దాకా, 0 నుంచి 7 వరకు ఎనిమిది స్థాయిలు ఉన్నాయి. మీ టూల్‌కి నాలుగు చాలు. అడిగిన పని జరగకపోతే ఎర్రర్. జరిగింది కానీ ఎవరైనా ఒకసారి చూడాలి అంటే వార్నింగ్. మిగతావి ఇన్ఫో, డీబగ్, ఆప్షన్ ఇస్తేనే కనపడాలి. ఎవరూ ఏమీ చేయాల్సిన అవసరం లేనిదాన్ని వార్నింగ్ అనకండి.

పైపులైను

ఒక్కచోట నల్లతెర గారితో ఏకీభవించను. పూర్తి మౌనం నాకు నచ్చదు. ఎవరూ చూడని సమయంలో నడిచే ప్రోగ్రాం ఏమీ చెప్పకపోతే, బాగా నడిచిందో అసలు నడవలేదో పొద్దున తెలియదు. చివర్లో ఒక్క లైను, ఎన్ని ఫైళ్ళు, ఎన్ని లైన్లు, ఎన్ని వదిలేశాం అని ఉండాలి. మెయిల్ వద్దనుకుంటే దాన్ని లాగ్ ఫైల్‌కి మళ్ళించుకోవచ్చు.

ఆ లాగ్ ఫైల్‌ని ప్రోగ్రాం లోపల తెరవకండి. స్టాండర్డ్ ఎర్రర్‌కి రాస్తే చాలు, దాన్ని ఎక్కడ దాచాలో నడిపేవాళ్ళు నిర్ణయించుకుంటారు. రేపు దీన్ని క్రాన్ నుంచి, లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీకి మార్చారనుకోండి, స్టాండర్డ్ ఎర్రర్ నేరుగా దాని లాగ్ అయిన జర్నల్‌కి చేరుతుంది, టైమ్‌స్టాంప్ కూడా అదే వేస్తుంది. లైను మొదట్లో "<4>" అని పెడితే దాన్ని వార్నింగ్‌గా, "<3>" అయితే ఎర్రర్‌గా గుర్తిస్తుంది కూడా. మీరే ఫైల్ తెరిస్తే పాత లాగ్‌ని పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టడం, డిస్క్ నిండితే చూసుకోవడం, పర్మిషన్లు, అన్నీ మీ నెత్తిన పడతాయి.

రంగులు పెట్టాలనిపిస్తే, స్టాండర్డ్ ఎర్రర్ టెర్మినల్‌కి వెళ్తోందా అని చూసి అప్పుడే పెట్టండి. నో కలర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ సెట్ చేసి ఉంటే అప్పుడూ మానేయండి.

నల్లతెర

ఆ చివరి ఒక్క లైను సంగతి ఒప్పుకుంటాను. రాత్రి నడిచేదానికి అది అవసరమే. నేను చేతితో నడిపే టూల్స్‌ని దృష్టిలో పెట్టుకుని చెప్పాను.

గళ్ళనోటు

చివర్లో ఒక లైను పెట్టేశాను, కోడ్‌లు 65, 66 తీసుకున్నాను. ఇంకొక్కటి మిగిలింది. ఎర్రర్ మధ్యలో వస్తే అప్పటికే సగం డేటా పైపులో అవతలికి వెళ్ళిపోయి ఉంటుంది. సగటుల ప్రోగ్రాం ఆ సగంతోనే లెక్క కట్టి ఫైల్ రాసేస్తుంది. నా ఎగ్జిట్ కోడ్ తర్వాత వచ్చి ఏం లాభం?

ఖాళీబఫర్

పైపులో వెళ్ళింది వెనక్కి రాదు. ఇక్కడ పైపు వదిలేయడమే మంచిది. జల్లెడ ఫలితాన్ని ఒక తాత్కాలిక ఫైల్లోకి పంపండి. కోడ్ 0 వస్తేనే, లేదా వదిలేసిన లైన్లతో సర్దుకుపోగలిగితే 65కి కూడా, ఆ ఫైల్‌ని అసలు పేరుకి రీనేమ్ చేసి సగటులకి ఇవ్వండి. రెండు పేర్లూ ఒకే ఫైల్ సిస్టంలో ఉంటే రీనేమ్ ఒక్క దెబ్బలో జరుగుతుంది, సగం రాసిన ఫైల్ ఎవరి కంటా పడదు.

పనిలో పనిగా ఒక పరీక్ష చేయండి. లినక్స్‌లో /డెవ్/ఫుల్ అని ఒక డివైస్ ఉంది, దానికి ఏం రాసినా "డిస్క్‌లో చోటు లేదు" అనే జవాబు వస్తుంది. జల్లెడ అవుట్‌పుట్‌ని అందులోకి పంపి ఎగ్జిట్ కోడ్ చూడండి. డేటా కొంచెమే అయితే బఫర్‌లోనే ఉండిపోయి, ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఫ్లష్ దగ్గర తప్పు బయటపడుతుంది. అప్పుడు పైథాన్ 120 ఇస్తుంది. అది మీ హెల్ప్‌లో లేని కోడ్. మెయిన్ చివర్లో మీరే స్టాండర్డ్ అవుట్‌పుట్‌ని ఫ్లష్ చేసి, ఎర్రర్ వస్తే పట్టుకుని, మామూలు మెసేజ్‌తో 74 ఇవ్వండి. సిస్ఎగ్జిట్స్‌లో చదవడం రాయడం దగ్గర వచ్చే ఎర్రర్లకి ఉన్న కోడ్ అదే.

గళ్ళనోటు

/డెవ్/ఫుల్ పరీక్ష చేశాను. మీరన్నట్టే మొదట 120 వచ్చింది. ఫ్లష్ చేర్చాక 74, దానితోపాటు "జల్లెడ: ఫలితం రాయడం కుదరలేదు: డిస్క్‌లో చోటు లేదు" అన్న లైను. రీనేమ్ భాగం కూడా స్క్రిప్ట్‌లో పెట్టేశాను. 65 వచ్చినా సగటులకి ఇస్తున్నాను, 66, 74 వస్తే నిన్నటి ఫైల్ అలాగే ఉంటుంది.